తగ్గిన బరువు నిలిచేదెలా? బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవారి ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద. బరువు తగ్గడానికి కడుపుకి ఆపరేషన్ చేయించుకుని, బాగా తగ్గి, రెండు మూడేళ్లు గడిచాక ఏం చేయాలో పాలుపోక రాసినవి. హైదరాబాద్‌లో బేరియాట్రిక్ వార్డులో డైటీషియన్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కి ముందు ఇంటిల్లిపాదీ కలిసి వస్తారు. మొదటి ఏడాది చెకప్‌లకి పిలవకుండానే వస్తారు. బరువు తిరిగి పెరగడం మొదలయ్యాక మాత్రం ఫోన్ చేసినా ఎత్తరు. మా అవసరం వాళ్లకి నిజంగా పడేది అప్పుడే. అందుకని ఈసారి పేజీ అంతా వాళ్లకే కేటాయించమని సంపాదకులను అడిగాను.

ప్రశ్న: నా వయసు 38. నాలుగేళ్ల కిందట స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 118 కిలోలు. ఏడాదిన్నరలో 74కి వచ్చాను. షుగర్ మాత్రలు కూడా ఆపేశారు. గత ఏడాది నుంచి మెల్లగా పెరుగుతూ ఇప్పుడు 84. నేను తినేది చాలా తక్కువ. పొద్దున కాఫీ, రెండు బిస్కెట్లు. తర్వాత ఒకటిన్నర ఇడ్లీ. పదకొండింటికి మళ్లీ కాఫీ. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, పప్పుచారు. చికెన్ తింటే గుండెల దగ్గర పట్టేస్తోందని మానేశాను. సాయంత్రం టీ, కాస్త కారప్పూస. రాత్రి ఒక దోసె. పడుకునేటప్పుడు గొంతులో మంట, అది తగ్గడానికి గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు. ‘లక్షలు పోసి చేయించుకున్నావు, మళ్లీ మొదటికొచ్చావు’ అంటున్నారు ఇంట్లో. డాక్టరు గారి దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదు. నా కడుపు మళ్లీ సాగిపోయిందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మొదటికి రాలేదు. ముందు ఆ లెక్క తేలుద్దాం. 118లో 44 కిలోలు తగ్గారు, పది పెరిగారు. ఇవాళ్టికీ మొదటి బరువు కంటే 34 కిలోలు, అంటే 29 శాతం తక్కువ ఉన్నారు. స్వీడన్‌లో 1987 నుంచి ఈ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపుని చిన్న సంచిగా చేసి పేగు మొదటి భాగాన్ని తప్పించే ఆపరేషన్ అయినవాళ్లు మొదటి రెండేళ్లలో గరిష్ఠంగా 32 శాతం బరువు తగ్గారు, పదేళ్లకు అది 25 శాతం దగ్గర నిలిచింది. అప్పటి అధ్యయనంలో మీకు చేసిన స్లీవ్ లేదు గానీ, తగ్గినదాంట్లో కొంత వెనక్కి రావడం అన్ని రకాల ఆపరేషన్లలోనూ కనిపించింది. ఇంట్లో దెప్పేవాళ్లకి ఈ పేరా చదివి వినిపించండి.

ఎందుకు పెరుగుతుందో చెబుతాను. స్లీవ్‌లో కడుపులో ముప్పాతిక వంతు పైనే తీసేసి, సన్నని అరటికాయంత గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి ఏడాది అన్నం వేళ దాటినా గుర్తుకు రాదు. తర్వాత శరీరం సర్దుకుంటుంది. ఆకలి కొంత తిరిగి వస్తుంది, మిగిలిన గొట్టం కూడా కొద్దిగా సాగుతుంది. పైగా 118 కిలోల ఒంటికి కావలసినంత తిండి 74 కిలోల ఒంటికి అక్కర్లేదు. ఇందులో మీ తప్పు వెతకడం అన్యాయం.

ఇక మీరు రాసిన రోజు చూద్దాం. నా దగ్గరికి ఎవరు వచ్చినా మొదట ఇదే అడుగుతాను, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లో పడినవన్నీ చెప్పమని. మీరు అడగకుండానే రాశారు, సగం పని తప్పించారు. ఒకటిన్నర ఇడ్లీ, కప్పు అన్నం, పప్పుచారు, ఒక దోసె. మీరు భోజనం అనుకుంటున్నవి అన్నీ కలిపినా 500, 600 కేలరీలు మించవు. కాఫీలు, టీ, బిస్కెట్లు, కారప్పూస, రాత్రి పాలు. భోజనం కాదనుకుంటున్న ఇవన్నీ కలిపితే 700, 800 అవుతాయి. అదీ కాఫీలో రెండు చెంచాల పంచదార, ‘కాస్త’ కారప్పూస అంటే చారెడు అనుకుని వేసిన లెక్క. రేపు ఆ కాస్తని వంటింటి త్రాసులో ఒక్కసారి తూచి చూడండి.

ఆపరేషన్ అయిన కడుపు తీరు ఇక్కడే తెలుసుకోవాలి. చికెన్ ముక్క, గుడ్డు, గట్టి పప్పు అయితే కొంచెం తినగానే నిండుతుంది, ఇక చాలంటుంది. కారప్పూస, బిస్కెట్టు, మురుకులు నమలగానే మెత్తని ముద్దయి జారిపోతాయి. కాఫీ, పాలు, జ్యూసు అయితే అసలు ఆగనే ఆగవు. ఆపరేషన్ అడ్డుకోలేని దారి అదొక్కటే. పట్టేసే తిండి మానేసి, జారిపోయే తిండికి అలవాటు పడటం నేను చాలామందిలో చూశాను, మీరూ ఆ దారిలోనే వెళ్లారు. నొప్పి పుట్టించేది మానుకోవడం ఎవరికైనా సహజమే కదా. కానీ దానివల్ల మీకు రోజుకి ప్రొటీన్ 30 గ్రాములకి అటూ ఇటూగా అందుతోంది. కావలసింది కనీసం 60. ప్రొటీన్ చాలకపోతే కండ కరుగుతుంది, కండ తగ్గితే ఒళ్లు ఖర్చు చేసే శక్తి ఇంకా తగ్గుతుంది, ఆకలి కూడా తొందరగా వేస్తుంది.

కాబట్టి చికెన్‌ని వదలకండి, తీరు మార్చండి. ఎండిపోయిన వేపుడు ముక్కలు, బిర్యానీలో గట్టి ముక్కలు పట్టేస్తాయి. ఖీమా చేసి కూరలో మెత్తగా ఉడికించండి. చేపల పులుసులో ముక్క అయితే ఇంకా తేలిగ్గా దిగుతుంది. తెనాలిలో చేపలకి కొరత లేదు. వేలి గోరంత ముద్ద, బాగా నమలడం, ముద్దకీ ముద్దకీ మధ్య చెయ్యి కింద పెట్టడం. ముందు ముక్క, తర్వాత కూరగాయ, చివర్లో ఖాళీ ఉంటే అన్నం. మనం అన్నంతో మొదలుపెట్టి కూర నంజుకుంటాం, మీరు దాన్ని తిరగేయాలి. భోజనంతో పాటు నీళ్లు, చారు తాగొద్దు. తిన్న అరగంట తర్వాత తాగండి. ఉదయం ఇడ్లీ ఒకటి చాలు, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. కాఫీ రోజుకి ఒకటి, పంచదార లేకుండా. మొదటి వారం విసుగ్గా ఉంటుంది, పదిహేను రోజులకి నాలుక ఒప్పుకుంటుంది.

కడుపు సాగిపోయిందా అన్నారు. అది ఉత్తరంలో తేలదు. కానీ రాత్రిపూట మంట అని రాశారు చూశారా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ మాటే. స్లీవ్ అయినవాళ్లలో పులితేన్పులు, ఛాతీ మంట బాగా ఎక్కువ. ఫిన్లాండ్‌లో స్లీవ్, బైపాస్ రెండు రకాలవాళ్లనూ పదేళ్లు చూసిన అధ్యయనంలో, అన్నవాహిక పుండుపడటం స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి కనిపించింది. ఆ మంటని ఆర్పడానికే మీరు రోజూ పాలు, బిస్కెట్లు తీసుకుంటున్నారు. మంట తగ్గిస్తే ఆ తిండీ తగ్గుతుంది. అందుకని సర్జన్ దగ్గరికి వెళ్లి ఎండోస్కోపీ చేయించుకోండి. చికెన్ పట్టేయడం గురించీ చెప్పండి, గొట్టం ఎక్కడైనా సన్నబడినా అలాగే ఉంటుంది. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. వేరే జబ్బుకి స్టెరాయిడ్లు గానీ, నిద్రకీ మనసుకీ సంబంధించిన మందులు గానీ వాడుతుంటే ఆ చీటీలు వెంట తీసుకెళ్లండి, వాటిలో కొన్ని బరువు పెంచుతాయి. షుగర్ మాత్రలు ఆపేశారు కాబట్టి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు తప్పకుండా చూడాలి. బరువు పెరిగితే షుగర్ కూడా సద్దు చేయకుండా తిరిగి రావచ్చు.

మొహం చెల్లకపోవడం ఏమీ లేదు. బీపీ పెరిగితే డాక్టరు దగ్గరికి సిగ్గుపడకుండా వెళతాం కదా, ఇదీ అంతే. పది కిలోల దగ్గర వస్తే తిండితో, మందుతో సరిచేయగలం. ముప్పై దాకా ఆగి వస్తే దారులు తగ్గిపోతాయి.

ప్రశ్న: మూడేళ్ల కిందట బైపాస్ ఆపరేషన్ అయింది. బరువు నిలకడగానే ఉంది. రక్తపరీక్షలు బాగున్నాయని ఏడాదికే విటమిన్ మాత్రలు ఆపేశాను. ఇప్పుడు అరికాళ్లలో తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటున్నాను. నడక మానేశాను.
– 45 ఏళ్ల వ్యాపారి, నిజామాబాద్

జవాబు: తమ్ముడూ, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు డాక్టరుకి ఫోన్ చేయండి. బైపాస్‌లో కడుపు పైభాగంలో 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రమే ఆహారానికి వదిలి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పిస్తారు. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది అక్కడే. బీ12 పట్టడానికి కడుపులో ఊరే రసాలు కావాలి, అవీ ఆహారంతో సరిగా కలవవు. మీ రక్తపరీక్షలు బాగున్నది ఆ మాత్రల వల్లే. బీ12 నిల్వలు కాలేయంలో చాలాకాలం ఉంటాయి, అందుకే ఆపగానే ఏమీ తెలియలేదు. తిమ్మిర్లని ఆలస్యం చేస్తే నరాల దెబ్బ పూర్తిగా నయం కాకపోవచ్చు. బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), హిమోగ్లోబిన్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), వీలైతే రాగి (కాపర్) కూడా చూడమనండి.

తర్వాత సంగతి, ఈ మాత్రలు బతికున్నంతకాలం. మల్టీవిటమిన్, బీ12, ఇనుము, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్ రూపంలో రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, అది కూడా రెండు మూడు సార్లుగా. ఇనుము మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. టీ, కాఫీలతో ఇనుము మింగొద్దు.

డైక్లోఫెనాక్ ఇవాళే ఆపండి. బైపాస్‌లో పేగు అతికిన చోట ఈ రకం నొప్పి మాత్రలు పుండు చేస్తాయి. రక్తం కారితే ఆయాసానికి అదీ కారణం కావచ్చు. మలం నల్లగా తారులా వస్తుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మోకాళ్లకి పారాసిటమాల్, ఫిజియోథెరపీ గురించి డాక్టరుతో మాట్లాడండి. సిగరెట్ ఉంటే అది కూడా ఆ పుండుకి ఆజ్యం పోస్తుంది.

ఇది చదువుతున్న మిగతావాళ్లకి ఒక హెచ్చరిక. ఆపరేషన్ అయి ఎన్నాళ్లయినా సరే, రోజుల తరబడి వాంతులు అవుతూ, చూపు రెండుగా కనబడినా, నడక తూలినా, మనిషి తికమకగా మాట్లాడినా అది బీ1, అంటే థయమిన్ లోపం కావచ్చు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందని మొదటే చెప్పండి. గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ ఇవ్వాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 25. ఆర్నెల్ల కిందట స్లీవ్ చేయించాం. 31 కిలోలు తగ్గింది. ఇప్పుడు సంబంధం కుదిరింది, మూడు నెలల్లో పెళ్లి. ఆపరేషన్ సంగతి అత్తవారికి చెప్పొద్దని మావారు, ఆడపడుచు అంటున్నారు. అమ్మాయి భయపడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అబ్బాయికి పెళ్లికి ముందే చెప్పండమ్మా. అది న్యాయం అన్నది ఒక కారణం. నేను చెప్పేది ఇంకోటి, దాచితే ఈ ఆపరేషన్ నిలబడదు.

నేనూ గోదావరి జిల్లా దాన్నే. కొత్త కోడలి విస్తట్లో ఏం జరుగుతుందో మీకూ నాకూ తెలుసు. అరకప్పు తిని చాలంటే ‘మా వంట నచ్చలేదా’ అంటారు. పూతరేకు వద్దంటే కొసరి రెండోది పెడతారు. చారు పోసుకుని తొందరగా కానివ్వమంటారు. ఆ పిల్ల మొహమాటానికి తింటే నురగలా వాంతి అవుతుంది. కొందరికి తీపి తిన్న పావుగంటకే చెమటలు, గుండె దడ, విరేచనం. దాన్ని డంపింగ్ అంటారు. అప్పుడు ‘ఏదో జబ్బు దాచి చేశారు’ అన్న మాట పుడుతుంది. లేదంటే అమ్మాయి అందరి ముందూ తినడం మానేసి, గది తలుపు వేసుకుని చాక్లెట్లు, చిప్స్ తో రోజు నెట్టుకొస్తుంది. ఆ కథ ఎలా ముగుస్తుందో తెనాలి ఉత్తరంలో చదివారు. మాత్రలు దాచుకుని మింగడం, చెకప్‌కి అబద్ధం చెప్పి వెళ్లడం మొదటి ఏడాదిలో ఎవరివల్లా కాదు.

చెప్పేటప్పుడు తగ్గి చెప్పకండి. ఒంటి బాగు కోసం చేయించుకుంది, కొద్దిగా కొద్దిగా తింటుంది, రోజూ మాత్రలు వేసుకుంటుంది, ఇంతే. అబ్బాయిని ఒకసారి డైటీషియన్ దగ్గరికి అమ్మాయితో పాటు తీసుకెళితే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. చెప్పాక సంబంధం వెనక్కి పోతే బాధగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఇంట్లో ఆ పిల్ల ముప్పై ఏళ్లు ఎలా తినేది?

పిల్లల విషయం అబ్బాయికి తప్పక తెలియాలి. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు వేగంగా తగ్గే రోజుల్లో లోపల బిడ్డకి పోషకాలు చాలవు. మీ లెక్కన పెళ్లయ్యాక ఇంకా తొమ్మిది నెలల దాకా ఆగాలి. బరువు తగ్గాక నెలసరి సరిపడి గర్భం తొందరగా నిలిచే అవకాశం పెరుగుతుంది కూడా, పీసీఓడీ ఉన్నవాళ్లు ‘మాకు రాదులే’ అనుకోవద్దు. వాంతులుంటే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు, వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టుని అడగండి. తర్వాత గర్భం వచ్చినప్పుడు, షుగర్ పరీక్షకి గ్లూకోజ్ నీళ్లు తాగించబోతే ఆపరేషన్ సంగతి చెప్పాలి. ఇలాంటివారికి ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసే పద్ధతి ఉంది.

ప్రశ్న: బైపాస్ అయి రెండేళ్లు. ఆఫీసు పార్టీల్లో ఇదివరకు నాలుగు పెగ్గులు తాగినా తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్కదానికే తల తిరుగుతోంది. ఈ మధ్య ఇంట్లో కూడా రాత్రిళ్లు తాగాలనిపిస్తోంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: మీ చివరి వాక్యం తేలిగ్గా తీసుకోవద్దు. బైపాస్ అయ్యాక మందు నేరుగా పేగుల్లోకి దిగి, రక్తంలో తొందరగా, ఎక్కువగా పెరుగుతుంది. తాగుడు అలవాటు ముదరడం ఆపరేషన్ అయిన రెండో ఏడాది నుంచి పెరుగుతుందని అమెరికాలో 2012లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఇదివరకు తిండిలో దొరికిన ఊరట కొందరు గ్లాసులో వెతుక్కుంటారు. పూర్తిగా మానేయమనే నా సలహా. మానలేకపోతున్నారనిపిస్తే ఈ నెలలోనే సైకియాట్రిస్టుని కలవండి. పార్టీ నుంచి బండి మీద ఇంటికి రావద్దు, ఒక్క పెగ్గు అయినా సరే.

ప్రశ్న: స్లీవ్ అయి ఆరేళ్లు. తగ్గినదాంట్లో సగం తిరిగి వచ్చింది. వారానికొక ఇంజెక్షన్ వేసుకుంటే చాలంటున్నారు. మళ్లీ ఆపరేషన్ మేలా, ఇంజెక్షనా?
– విశాఖపట్నం

జవాబు: ముందు ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే. గొట్టం బాగా సాగినా, మంట తీవ్రంగా ఉన్నా స్లీవ్‌ని బైపాస్‌గా మార్చే ఆపరేషన్ గురించి సర్జన్ ఆలోచిస్తారు. అలాంటిదేమీ లేకపోతే మందు మంచి దారే. మీరు విన్న వారం ఇంజెక్షన్లు టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్. బరువు కోసం వాడే బ్రాండ్లు మౌంజారో, వెగోవీ 2025లో మన దేశానికి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగినవాళ్లకీ పనిచేస్తున్నాయి. అయితే ఇవి ఆకలిని అణుస్తాయి. ఇప్పటికే చిన్న కడుపు, దాని మీద ఆకలి లేకపోతే ప్రొటీన్ పూర్తిగా మానేస్తారు, కండ కరిగిపోతుంది. ఆపేస్తే బరువు తిరిగి వస్తుంది. అందుకని డాక్టరు రాయకుండా షాపులో కొనుక్కోవడం, స్నేహితుడి పెన్ పంచుకోవడం వద్దే వద్దు. ఖర్చు ఎన్నాళ్లు భరించగలరో ముందే లెక్క వేసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: మేము గుడ్డు కూడా ముట్టం. 60 గ్రాముల ప్రొటీన్ అంటున్నారు, ఈ చిన్న కడుపులో అదెలా పడుతుంది?
– విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: పడుతుందండీ, పూటకి కొంచెం కొంచెంగా. యాభై గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి చిన్న పెసరట్లు రెండు వేసుకుంటే 12 గ్రాములు. ఉప్మా మాత్రం పక్కన పెట్టేయండి. మధ్యాహ్నం 25 గ్రాముల మీల్‌మేకర్ ఉడికించి, గట్టిగా పిండి, తరిగి టమాటాతో కూర చేస్తే 13. గట్టి పప్పు చిన్న కప్పు 7. పెరుగు చిన్న కప్పు, 150 గ్రాములు, 5. సాయంత్రం జంతికల బదులు గుప్పెడు పుట్నాలు 5. రాత్రి 75 గ్రాముల పనీర్ నూనె తక్కువ వేసి కూరగాయలతో, 13. ఒక గ్లాసు పాలు, పంచదార లేకుండా, 6. మొత్తం 61 అయింది. ఒక పూట తినలేకపోతే వే ప్రొటీన్ పొడి ఒక స్కూపు పల్చని మజ్జిగలో కలిపి, భోజనానికీ భోజనానికీ మధ్య చప్పరిస్తూ తాగండి. కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి, స్కూపుకి 20 గ్రాములు పైన ప్రొటీన్ ఉండాలి, పంచదార ఒకటి రెండు గ్రాములు దాటకూడదు. ‘హెల్త్ డ్రింక్’ అని అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేది పంచదారే. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క మీకు వర్తించదు, నెఫ్రాలజిస్టు చెప్పిన కొలత ప్రకారమే తినాలి.